మొక్కల లెక్కలు, అడవి హక్కులు

న్యూఢిల్లీ:

నైరుతి రుతుపవనాలు యమునా తీరానికి చేరుకునే వేళకు రాజధానిలో ఏటా ఒక వేడుక జరుగుతుంది. మంత్రులు, ఉన్నతాధికారులు, పాఠశాలల బాలబాలికలు వరుసగా నిలబడి, ముందే తవ్వి ఉంచిన గుంతలలో మొక్కలు నాటుతారు. 1950 జూలైలో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ శాఖల మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవాన్ని ఆరంభించిన నాటి నుంచి ఇది ఆనవాయితీ. మున్షీ తెలుగువారికి కొత్త పేరు కాదు. 1948లో పోలీసు చర్యకు ముందు హైదరాబాదు సంస్థానంలో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా వ్యవహరించినది ఆయనే. ఆనాటి నుంచి ప్రభుత్వాలు మారాయి, పాలక పక్షాలు మారాయి, మొక్కను గుంతలో నిలిపే చేతులు మారాయి. లెక్క చెప్పే పద్ధతి మాత్రం మారలేదు. ఎన్ని నాటామన్నదే లెక్క. ఎన్ని బతికాయి, వాటి వల్ల ఎవరు బతికారు అన్న ప్రశ్నలకు ఆ లెక్కలో చోటు లేదు.

అంకెలు పెరుగుతూ వచ్చాయి. 2015లో ఆరంభమైన తెలంగాణ హరితహారం 230 కోట్ల మొక్కలను లక్ష్యంగా పెట్టుకున్నది. 2024 జూన్ 5న ప్రధాని నరేంద్ర మోదీ ఢిల్లీలోని బుద్ధ జయంతి పార్కులో రావి మొక్క నాటి, అమ్మ పేరిట ఒక చెట్టు అనే ఉద్యమానికి శ్రీకారం చుట్టారు. 2024 సెప్టెంబరు నాటికి 80 కోట్లు, 2025 మార్చి నాటికి 140 కోట్లు అని అందుకు లక్ష్యాలు ప్రకటించారు. దేశ భూభాగంలో మూడవ వంతు అడవి ఉండాలని 1952 నాటి జాతీయ అటవీ విధానం నిర్దేశించింది. 2023 సంవత్సరపు అటవీ స్థితి నివేదిక ప్రకారం అడవి 21.76 శాతం, అడవి వెలుపలి చెట్లను కూడా కలుపుకుంటే 25.17 శాతం. ఈ లెక్కలో ఒక కిటుకు ఉన్నది. హెక్టారుకు తగ్గని నేలలో పదవ వంతు మేర కొమ్మల నీడ పరచుకుని ఉంటే చాలు, గణాంకాల భాషలో అది అడవే. ఆ నీడ నల్లమద్దిదా, మామిడితోటదా, కాగితపు మిల్లు కోసం పెంచిన జామాయిల్‌దా అన్నది ఉపగ్రహం తీసిన చిత్రానికి పట్టదు.

అడవి అంచున బతికే కుటుంబానికి పట్టేది సరిగ్గా అదే. ఆ చెట్టు ఆకు విస్తరికి పనికివస్తుందా, పువ్వు ఎండబెట్టి అమ్ముకోవచ్చునా, కాయను సంతకు తీసుకుపోతే ఎవరైనా అడ్డగిస్తారా అన్నవి ఆ కుటుంబం అడిగే ప్రశ్నలు. రాజధాని లెక్కకూ, అడవి గూడెం లెక్కకూ మధ్యనున్న ఈ అంతరమే మన అటవీ రాజకీయాల మర్మం. నాటిన మొక్క చెట్టు కాకపోవడానికి కారణం కూడా చాలావరకు ఇదే.

'చిన్న' ఫలసాయం, పెద్ద చరిత్ర

ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు, అడ్డాకు, సారపప్పు, కరక్కాయ, కుంకుడు, సీకాయ, తేనె, తపసి బంక, వెదురు వంటి వాటన్నిటికీ ప్రభుత్వ పరిభాషలో పేరు 'చిన్నతరహా అటవీ ఫలసాయం'. ఈ పేరు పెట్టినది కలప వ్యాపారి దృష్టి. రైలు పట్టాల కింద పరచే దూలాల కోసం, ఓడల కోసం అడవిని కొలిచిన ఆంగ్లేయ ప్రభుత్వానికి కలప ఒక్కటే పెద్దది, తక్కినదంతా చిన్నది. నిజానికి టేకు చెట్టు ఒకసారి పడగొడితే ఒకసారే డబ్బు. ఇప్పచెట్టు తాత కాలంలో కాసి, మనవడి కాలంలోనూ కాస్తుంది. ఏది చిన్న, ఏది పెద్ద అన్నది కొలిచే చేతిని బట్టి ఉంటుంది.

అటవీ ఫలసాయం విలువ దాని రూపాయలలోనే కాక అది చేతికి వచ్చే కాలంలో కూడా ఉన్నది. ఇంట గింజలు అడుగంటి, పొలంలో పని లేని ఫాల్గుణ, చైత్ర మాసాలలో ఇప్పపువ్వు రాలుతుంది. చింతపండు దింపేదీ ఆ రోజుల్లోనే. ఎండలు ముదిరిన ఏప్రిల్, మే నెలలలో తునికాకు కోత. వానలు పడేలోగా ఇప్పకాయలు. అంటే పంటకూ పంటకూ మధ్య ఉండే ఆకలి కాలాన్ని దాటించే వంతెన అడవి. సుమారు 10 కోట్ల మంది ఈ ఫలసాయం మీద ఏదో ఒక మేరకు ఆధారపడి ఉన్నారనీ, గిరిజన కుటుంబాల వార్షికాదాయంలో 20 నుంచి 40 శాతం దీని నుంచే వస్తుందనీ ప్రభుత్వ పత్రాలే పేర్కొంటున్నాయి. ఏరేదీ, ఎండబెట్టేదీ, బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకు నడిచేదీ అధికభాగం స్త్రీలే.

అడవి ఫలసాయం మీద సర్కారు చేయి పడినప్పుడల్లా తెలుగు మన్యం తిరగబడింది. 1879 నాటి రంప పితూరీకి ఒక ముఖ్య కారణం, ఇంటి వాడకానికి గీసుకునే చెట్టు కల్లు మీద విధించిన పన్ను. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవుల ఆంక్షలు, అధికారుల వెట్టి 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మరొక తిరుగుబాటుకు దారితీశాయి. ఆ తర్వాత మూడేళ్ళకు, 1927లో, భారత అటవీ చట్టం చేశారు. స్వతంత్ర భారతం ఆ చట్టాన్ని రద్దు చేయలేదు. సవరణలతో అది నేటికీ నిలిచి ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత రాజ్యం వర్తకుని అవతారం ఎత్తింది. ఉద్దేశం మంచిదే. ఉప్పు, గుడ్డ అరువిచ్చి మానికలతో చింతపండు కొలుచుకుపోయే షావుకారు నుంచి గిరిజనుణ్ణి విడిపించాలన్న సంకల్పంతో 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. మధ్యప్రదేశ్ 1964లో తునికాకు వర్తకాన్ని జాతీయం చేసింది. ఆంధ్రప్రదేశ్ 1971లో చిన్నతరహా అటవీ ఫలసాయ వర్తక నియంత్రణ చట్టం తెచ్చింది. 1979లో షెడ్యూల్డు ప్రాంతాలలో కొనుగోలు గుత్తాధికారాన్ని గిరిజన సహకార సంస్థకు కట్టబెట్టింది. షావుకారు పీడ కొంత విరగడైన మాట వాస్తవం. గుత్తాధికారానికి రెండో అంచు కూడా ఉంటుంది. సంస్థ కొనకపోతే చట్టబద్ధంగా కొనేవాడు ఇంకొకడు లేడు. సంస్థ చెప్పిందే ధర. ఏరినవాడు యజమాని కాడు. ప్రభుత్వ సొత్తును ఏరిపెట్టి కూలి పుచ్చుకునే మనిషి మాత్రమే.

1980ల నుంచి గోదావరి తీరపు అడవులలో విప్లవ పార్టీలకు పునాది వేసిన డిమాండ్లలో తునికాకు కట్ట రేటు ఒకటన్నది రాజకీయ పరిశీలకులు ఎరిగినదే. యాభై ఆకుల కట్టకు ఎన్ని పైసలు అన్న ప్రశ్న కాంట్రాక్టరుకు చిల్లర విషయం. కట్ట కట్టిన మనిషికి అది ఏడాది బట్ట. రాజ్యం ఆ ప్రశ్నను చిల్లరగా చూసినంత కాలం, ఇతరులు దానిని ఆయుధంగా మలచుకున్నారు.

చట్టంలో యజమాని, చెక్‌పోస్టులో దొంగ

యాజమాన్యం అనే మాట మొదటిసారి స్పష్టంగా చట్టానికి ఎక్కినది 1996లో. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీ విస్తరణ చట్టం (పెసా) చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యాన్ని గ్రామసభలకు, పంచాయతీలకు ఇవ్వాలన్నది. పదేళ్ళ తర్వాత, 2006లో పార్లమెంటు ఆమోదించిన అటవీ హక్కుల చట్టం ఇంకా ముందుకు వెళ్ళింది. వెదురు, తునికాకు, తేనె, లక్క, పట్టుగూళ్ళు, దుంపలు, మూలికలు అన్నిటినీ పేరుపేరునా పేర్కొని, వాటిని సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కు అడవిబిడ్డలదని ప్రకటించింది. అడవిని కాపాడే, పునరుద్ధరించే హక్కు కూడా గ్రామ సముదాయానిదేనని అదే చట్టం చెబుతున్నది. ఈ రెండో వాక్యాన్ని మన మొక్కల పండుగల నిర్వాహకులు చదివిన దాఖలాలు తక్కువ.

తెలంగాణ సరిహద్దుకు ఆవల, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే చిన్న గోండు గ్రామం ఉన్నది. తమ ఊళ్ళో తామే సర్కారు అనీ, ఢిల్లీలోనూ ముంబయిలోనూ ఉన్నది తమ సర్కారు అనీ ఆ ఊరివారు దశాబ్దాలుగా చెప్పుకుంటున్నారు. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవిపై వారికి సాముదాయిక హక్కుపత్రం లభించింది. హక్కుపత్రం వచ్చినా వెదురు బండి ఊరు దాటడానికి వీలు లేకపోయింది. వెదురు గడ్డిజాతి మొక్క అని వృక్షశాస్త్రం చెబితే, అది చెట్టే గనుక తమ అధీనమని అటవీ శాఖ వాదించింది. చివరకు 2011 ఏప్రిల్‌లో నాటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఆ ఊరికి వెళ్ళి, రవాణా అనుమతి పత్రాల పుస్తకాన్ని గ్రామసభ చేతిలో పెట్టవలసి వచ్చింది. పార్లమెంటు చేసిన చట్టం ఒక ఊరిలో అమలు కావడానికి కేంద్ర మంత్రి ప్రయాణం కట్టవలసి వస్తే, దేశంలోని తక్కిన ఊళ్ళ మాట ఏమిటన్నది పాఠకులే ఊహించుకోవచ్చు. అటవీయేతర భూమిలోని వెదురును చెట్టు నిర్వచనం నుంచి తొలగించినది 2017లో.

ధర విషయంలోనూ కొంత కదలిక వచ్చింది. వరి, గోధుమలకు ఉన్నట్లే అటవీ ఫలసాయానికీ కనీస మద్దతు ధర ఉండాలని 2013–14లో కేంద్రం పథకం తెచ్చింది. నేడు ఆ జాబితాలో 80కి పైగా వస్తువులు ఉన్నాయి. 2020 మేలో ఎండిన ఇప్పపువ్వు ధరను కిలోకు 17 రూపాయల నుంచి 30 రూపాయలకు, గింజ తీయని చింతపండు ధరను 31 నుంచి 36 రూపాయలకు పెంచారు. ఛత్తీస్‌గఢ్‌లో తునికాకు రేటు ఏకంగా ఎన్నికల వాగ్దానం అయింది. వెయ్యి కట్టల బస్తాకు 2,500 రూపాయలు ఉన్నదాన్ని 2018లో వచ్చిన కాంగ్రెసు ప్రభుత్వం 4,000 చేసింది. దాన్ని ఓడించి వచ్చిన భారతీయ జనతా ప్రభుత్వం 2024లో 5,500 చేసింది. ఓటున్న చోట ఆకుకు విలువ పెరిగింది. కానీ కాగితం మీద మద్దతు ధర ఉన్నంత మాత్రాన సంతలో కాటా దగ్గర అది చేతికి రాదు. నిలవ చేసే గోదాము, వారం వారం వచ్చే కొనుగోలుదారు, వెంటనే అందే నగదు లేకపోతే బుట్ట మోసుకొచ్చిన స్త్రీ సాయంత్రానికి దొరికిన ధరకు దించేసి వెళ్ళిపోతుంది. తిరిగి మోసుకుపోయే ఓపిక ఆమెకు ఉండదు.

వారసులు లేని చెట్లు

హక్కూ, ధరా రెండూ సరిగా ఉన్నాయనే అనుకుందాం. ఏరుకోవడానికి చెట్టు ఉండాలి కదా! ఇక్కడ మనం తప్పించుకోలేని ప్రశ్న ఒకటి ఎదురవుతుంది.

మధ్య భారతంలో పొలం గట్ల మీద, ఊరి పొలిమేరలో కనిపించే ఇప్పచెట్లలో అధికభాగం ముసలివి. వాటి కింద పిల్ల మొక్కలు అరుదు. కారణం సులభంగానే అర్థమవుతుంది. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండుటాకులలో కలిసిపోతే ఏరడం కష్టం గనుక చెట్టు కింద చెత్తను ముందుగా తగులబెడతారు. ఆ మంటలో నిరుటి మొలకలు మాడిపోతాయి. కాయలను నూనె కోసం ఏరుకుపోతారు. మిగిలిన గింజ మొలిస్తే మేక కొరుకుతుంది. ఇలా ఏళ్ళ తరబడి సాగితే చెట్టు బతికి ఉంటుంది గాని, దానికి వారసత్వం ఉండదు.

తపసి చెట్టుది మరొక కథ. దాని బంకకు విదేశాలలో గిరాకీ పెరిగిన రోజులలో గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టి గీసినందువల్ల చెట్లు నిలువునా ఎండిపోయాయి. 1990లలో విశాఖ మన్యంలో గిరిజనులకు చిన్న పనిముట్టుతో పైపైన మాత్రమే గాటుపెట్టి, గాయం మానడానికి వ్యవధి ఇచ్చే పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. బంక నాణ్యతా పెరిగింది, చెట్టూ నిలిచింది. సారపప్పు కోసం కొమ్మలు నరికే చోట్లా, ఉసిరికాయల కోసం చెట్టును పడగొట్టే చోట్లా ఇదే పాఠం వర్తిస్తుంది.

గిరిజనుడు అడవిని నాశనం చేస్తున్నాడని వాదించేవారికి ఇది సాక్ష్యంగా తోచవచ్చు. ఇంకొక వైపు నుంచి చూడాలి. ఈ చెట్టు కాయ వచ్చే ఏడు నాకే దక్కుతుందన్న నమ్మకం ఉన్నవాడు కొమ్మ నరకడు. నేను ఆగితే వెనక వచ్చేవాడు కోసుకుపోతాడన్న భయం ఉన్నవాడు పచ్చికాయనే కోస్తాడు. చెట్టు కింద నిప్పు పెట్టకుండా వలగుడ్డ పరచడం, పదింటిలో ఒక కాయను విత్తనానికి వదలడం వంటి నియమాలను అటవీ శాఖ చెక్‌పోస్టు అమలు చేయలేదు. ఊరి కట్టుబాటు మాత్రమే అమలు చేయగలదు. హక్కు లేని ఊరికి కట్టుబాటు ఉండదు.

పెంటపోగులో ఉన్న ప్రాణం

పాత చెట్లకు వారసులు కావాలంటే నారు పెంచాలి. నారు పెంపకం అనగానే మనకు తోచేది నల్లని పాలిథిన్ సంచుల బారులు. అందులో ఏమి నింపుతారన్నది మొక్క ఆయుష్షును నిర్ణయిస్తుంది. వాడుకలో ఉన్న పద్ధతి రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. ఇందులో కీలకమైన మాట 'చివికిన'. పచ్చి పేడ సంచిలో కుళ్ళేటప్పుడు పుట్టే వేడికి లేత వేరు కమిలిపోతుంది. సగం మాగిన పెంట చెదలను, వేరుపురుగును పిలుస్తుంది. కుప్పవేసి, తడుపుతూ, తిరగేస్తూ నెలల తరబడి మాగనిస్తే అది చేతిలో పొడిపొడిగా రాలుతుంది, దుర్వాసన ఉండదు. పశువుల ఎరువులో నత్రజని అర శాతానికి అటూ ఇటూ మాత్రమే. యూరియాలో 46 శాతం. అయినా నర్సరీలో దాని విలువ నత్రజనికి మించినది. మట్టిని గుల్లగా ఉంచి, తేమను పట్టి నిలిపి, వేరుకు దారి ఇస్తుంది. యూరియా నీళ్ళతో ఏపుగా పెంచిన మొక్క కంటికి ఇంపుగా ఉంటుంది. నాటిన తర్వాత మొదటి వేసవిలో దాహానికి నిలిచేది మాత్రం వేరు బలం ఉన్న మొక్కే.

విత్తనం విషయంలోనూ పల్లె అనుభవానికి శాస్త్రం తల ఊపుతుంది. తుమ్మకాయలు తిన్న మేకల దొడ్డిలో ఏరిన గింజలు తక్కినవాటి కంటే త్వరగా మొలుస్తాయి. మేక కడుపులో గట్టి పెంకు మెత్తబడుతుంది. టేకు, ఎర్రచందనం విత్తనాలను పేడనీళ్ళలో నానవేయడం నర్సరీలు ఎరిగిన పద్ధతే. ఇప్పగింజకు ఈ ఓపిక లేదు. రాలిన కొద్ది వారాలలోనే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. జూన్, జూలైలలో ఏరిన వెంటనే విత్తాలి. దాని తల్లివేరు వేగంగా కిందికి దిగుతుంది గనుక చిన్న సంచిలో ఎక్కువకాలం ఉంచితే వేరు చుట్టలు చుట్టుకుపోతుంది. రాష్ట్ర రాజధానిలో టెండరు పిలిచి, ఆరు నెలల తర్వాత విత్తనం సరఫరా చేసే యంత్రాంగం ఇప్పమొక్కను పెంచలేదు. చెట్టు కింద కాయ ఏరిన చేయి మాత్రమే పెంచగలదు. ప్రభుత్వ నర్సరీలలో సుబాబుల్, జామాయిల్, అలంకారపు మొక్కలు కోకొల్లలుగానూ, ఇప్ప, మొర్రి, తపసి అరుదుగానూ ఉండటానికి ఇది కూడా ఒక కారణం.

ఈ విద్య తెలిసిన మనుషులు మనకు లేకపోలేదు. కర్ణాటకలోని అంకోలా ప్రాంతానికి చెందిన హాలక్కి గిరిజన మహిళ తులసి గౌడ అటవీ శాఖ నర్సరీలో దినకూలీగా చేరి దశాబ్దాలు పనిచేశారు. అడవిలో ఏ జాతికి తల్లిచెట్టు ఏదో, దాని విత్తనం ఎప్పుడు ఏరాలో ఆమెకు తెలిసినట్లు చదువుకున్న అధికారులకు తెలియదని వారే ఒప్పుకునేవారు. 2021 నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో చెప్పులు లేని కాళ్ళతో నడిచి వచ్చి ఆమె పద్మశ్రీ అందుకున్నారు. 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఖమ్మం జిల్లా వాసి, వనజీవిగా పేరొందిన దరిపల్లి రామయ్యకు 2017లో అదే గౌరవం లభించింది. 2025 ఏప్రిల్‌లో ఆయనా వెళ్ళిపోయారు. రాజధాని ఇటువంటివారికి పతకాలు ఇవ్వడం నేర్చుకున్నది. వారి విద్యకు పథకాలలో చోటివ్వడం ఇంకా నేర్చుకోవలసి ఉన్నది.

అడవికీ, ఎరువుకూ ఉన్న బంధం మన విధానకర్తలకు కొత్తది కాదు. భారత వ్యవసాయాన్ని పరిశీలించిన ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు వోల్కర్ 1893లో ప్రచురితమైన తన నివేదికలోనే ఈ సంగతి చెప్పాడు. వంటచెరకు దొరకక రైతు పేడను పిడకలు చేసి కాలుస్తున్నాడనీ, ఊరికి చేరువలో కట్టెల కోసం, మేత కోసం అడవులు పెంచితే ఆ పేడ పొలానికి తిరిగి వస్తుందనీ వాదించాడు. 1952 అటవీ విధానం గ్రామ అడవుల ప్రస్తావనలో ఇదే మాట చెప్పింది. చెట్టు ఆకు పశువుకు మేత; పశువు పేడ నారుకు ఎరువు; నారు మళ్ళీ చెట్టు. ఈ చక్రంలో ఏ ఆకు తెగినా బండి నిలిచిపోతుంది. మేపును నిషేధించి ఊరిని అడవి నుంచి వెలివేసి, అదే ఊరి నర్సరీకి ఎరువును లారీలో తెప్పించడం ఆ చక్రాన్ని మన చేతులతో మనం తెంపుకోవడమే.

ఎవరి నేలలో ఏ మొక్క?

మొక్క నాటడం నిరపాయకరమైన పుణ్యకార్యమని నగరవాసులు భావిస్తారు. అడవి చరిత్ర అలా చెప్పదు. 1978 ప్రాంతాల నాటి బీహారులోని సింగ్‌భూమ్‌లో గుగ్గిలపు అడవిని నరికి టేకు నాటబూనినప్పుడు ఆదివాసులు టేకు మొక్కలను పెరికివేశారు. గుగ్గిలం చెట్టు అంటే ఝార్ఖండ్, టేకు అంటే పరాయి ప్రభుత్వం అన్నది ఆ ఉద్యమపు ప్రతీక. గుగ్గిలం గింజ, ఆకు, పుల్ల ఇంటికి వస్తాయి. టేకు డిపోకు పోతుంది. 1983 ఆగస్టులో కర్ణాటకలోని తుమకూరు జిల్లా రైతులు అటవీ నర్సరీకి ఊరేగింపుగా వెళ్ళి, జామాయిల్ నారు పీకివేసి, ఆ మళ్ళలో చింత, మామిడి విత్తనాలు విత్తారు. వారు మొక్కలకు శత్రువులు కారు. ఏ మొక్క అన్న ప్రశ్న అడిగినవారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పనందువల్ల మన ఇంట కూడా నెత్తురు చిందింది. 2019 జూన్‌లో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్ళిన అటవీ అధికారిణిపై కర్రలతో దాడి జరిగింది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలంలో ప్లాంటేషన్ దగ్గర జరిగిన ఘర్షణలో అటవీ రేంజి అధికారి ఒకరు హతులయ్యారు. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగులపై దాడిని ఎవరూ సమర్థించజాలరు. కాని ప్రభుత్వ లక్ష్యం నెరవేర్చవలసిన చిరుద్యోగినీ, సాగు నేల పోతుందని భయపడే పోడు రైతునూ ఒకే గుంత ముందు ఎదురెదురుగా నిలబెట్టిన విధానం కూడా దోషం నుంచి తప్పించుకోజాలదు.

డబ్బుకు కొరత లేదు. గనులకు, ఆనకట్టలకు ఇచ్చిన అడవికి బదులుగా వసూలైన పరిహార వనీకరణ నిధి నుంచి 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు 47 వేల కోట్ల రూపాయలకు పైగా బదిలీ చేసింది. అంతకు ముందరి పనితీరు ఎటువంటిదో 2013లో కాగ్ నివేదిక వెల్లడించింది. 2006 నుంచి 2012 వరకు రావలసిన అటవీయేతర భూమి సుమారు 1,03,382 హెక్టార్లు. వచ్చినది 28,086. అందులో మొక్కలు నాటినది 7,281 హెక్టార్లు మాత్రమే. 2016 జూలైలో ఈ నిధి చట్టం రాజ్యసభ ముందుకు వచ్చినప్పుడు గ్రామసభ సమ్మతి కావాలని ప్రతిపక్షం పట్టుపట్టింది. నియమావళిలో చేరుస్తామని మంత్రి హామీ ఇచ్చారు. 2018లో వచ్చిన నియమావళి గ్రామసభతో 'గాని', గ్రామ అటవీ యాజమాన్య సంఘంతో 'గాని' సంప్రదించాలన్నది. ఆ సంఘాలు అటవీ శాఖ నీడలో పుట్టి పెరిగినవి. పార్లమెంటులో ఇచ్చిన హామీ ఒక్క 'గాని'తో పలచబడింది.

హిమాలయాల ఆవల

పొరుగున ఉన్న నేపాల్ 1957లో అడవులను జాతీయం చేసింది. సర్కారు ఆస్తి అయిన అడవి ఎవరి ఆస్తీ కాకుండా పోయి, కొండలు బోడులయ్యాయి. 1993లో కొత్త చట్టం తెచ్చి, అడవిని వాడుకునే గ్రామస్థుల బృందాలకే అప్పగించింది. నేడు అటువంటి బృందాలు 22 వేలకు పైగా ఉన్నాయి. కట్టె ఎప్పుడు కొట్టాలో, మేత ఎవరు కోయాలో, ఏ కొండకు ఎన్నేళ్ళు విశ్రాంతి ఇవ్వాలో అవే నిర్ణయిస్తాయి. అక్కడి స్త్రీలు అడవి నుంచి రాలుటాకు తెచ్చి పశువుల కొట్టంలో పరుస్తారు. పేడా మూత్రంతో తడిసి అది ఎరువై, కొండ మెట్ల పొలాలకు చేరుతుంది. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా జరిగిన అధ్యయనం ప్రకారం 1992లో 26 శాతం ఉన్న నేపాల్ అడవి 2016 నాటికి 45 శాతానికి పెరిగింది. యువకులు గల్ఫ్ దేశాలకు వలసపోవడం వల్ల పొలాలు బీడుపడటం కూడా కొంత కారణమే. ఊళ్ళలో పలుకుబడి గలవారు దళితులను వెనక్కు నెట్టిన ఉదాహరణలూ ఉన్నాయి. ఈ లోపాలన్నీ తీసివేసినా ఒక సత్యం మిగులుతుంది. అక్కడ అడవిని తిరిగి తెచ్చినది ప్రధానంగా కాపలా; నాటిన మొక్కల సంఖ్య తర్వాతి మాట. కాపలాను నిలిపినది హక్కు.

మనకు చట్టం లేక కాదు. నేపాల్ చట్టం కంటే మన 2006 చట్టం హక్కుల విషయంలో విశాలమైనది. నిధులు ఉన్నాయి, ఉపాధి పథకాల కింద పల్లె పల్లెనా నర్సరీలు నడిపిన అనుభవమూ ఉన్నది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కలలో 85 శాతం బతకాలని సర్పంచులకు, కార్యదర్శులకు బాధ్యత విధించింది. బతికిన మొక్కను లెక్కించాలన్న ఆలోచన అందులో మెచ్చదగినది. అయితే శిక్ష భయంతో నీళ్ళు పోసిన మొక్క శిక్ష భయం ఉన్నంత కాలమే బతుకుతుంది. కాయ మీద ఆశతో నీళ్ళు పోసిన మొక్క తరం దాటుతుంది.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. ఏ మొక్క కావాలో గ్రామసభ నిర్ణయించాలి. విత్తనం ఏరి, ఎరువు మాగబెట్టి, నారు పెంచే పనిని ఆ ఊరి మహిళా సంఘాలకు అప్పగించి, సంచి లెక్కన కాక మూడో వేసవి దాటిన మొక్క లెక్కన సొమ్ము చెల్లించాలి. పరిహార నిధిలో ఊరి వాటాను ఊరి ఖాతాకే పంపాలి. ఆ చెట్టు ఆకు, పువ్వు, కాయ పెంచినవారివేనని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఇవేవీ కొత్త చట్టం కోరవు. ఉన్న చట్టాన్ని చదివే తీరికను మాత్రం కోరతాయి.

ఇప్పమొక్క పూతకు రావడానికి పదేళ్ళకు పైగా పడుతుంది. అంటే ఇంచుమించు రెండు లోక్‌సభల ఆయుష్షు. అయిదేళ్ళకు ఒకసారి ప్రజల ముందుకు వెళ్ళవలసిన వారికి అంత దూరం చూడటం కష్టమే. ఈ జూలైలోనూ రాజధానిలో గుంతలు సిద్ధంగా ఉంటాయి, ఛాయాచిత్రాలు పత్రికలలో వస్తాయి, కోట్ల లెక్కలు పార్లమెంటులో ప్రకటిస్తారు. వచ్చే వేసవిలో ఆ గుంతల దగ్గరకు వెళ్ళి చూసే ఛాయాగ్రాహకుడు ఉండడు. అడవి అంచున తన పెరటి ఇప్పమొక్కకు కంచె కట్టుకున్న మనిషికి ఛాయాగ్రాహకుని అవసరం లేదు. ఆ పువ్వు తనదేనన్న భరోసా ఒక్కటి ఢిల్లీ ఇవ్వగలిగితే చాలు.